తెలుగులో రాసిన డాక్యుమెంటేషన్ సైటు: సెర్చ్ పనిచేయడం లేదు, లింకులు మారిపోతున్నాయి, ఒత్తులు తెగిపోతున్నాయి

కృష్ణాతీరం · శనివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న పైథాన్ లైబ్రరీని మేము ముగ్గురం కలిసి నాలుగేళ్లుగా నిర్వహిస్తున్నాం. దీన్ని వాడేవారిలో ప్రోగ్రామర్ల కంటే డీటీపీ ఆపరేటర్లు, చిన్న పత్రికలు నడిపేవారు, తమ పాత పుస్తకాలను మళ్లీ అచ్చు వేయించుకోవాలనుకునే రచయితలు ఎక్కువ. అందువల్ల డాక్యుమెంటేషన్‌లో ‘ఎలా వాడాలి’ అనే భాగమంతా నేరుగా తెలుగులోనే రాసుకున్నాం. ఫంక్షన్ల వివరాలిచ్చే రిఫరెన్సు భాగం మాత్రం కోడు మధ్యలోనే రాసే వివరణల (డాక్‌స్ట్రింగుల) నుంచి ఇంగ్లీషులోనే వస్తుంది. సైటును స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ పనిముట్టుతో తయారుచేసి, రీడ్ ద డాక్స్ అనే హోస్టింగ్ సేవలో పెట్టాం. తెలుగు పేజీలు మొత్తం 41.

ఇప్పుడు నన్ను వేధిస్తున్నవి ఇవి. సెర్చ్ పెట్టెలో ‘మార్పిడి’ అని కొడితే 41 ఫలితాలు వస్తున్నాయి, అంటే ఉన్న తెలుగు పేజీలన్నీ వస్తున్నాయి. ఏదైనా శీర్షికకు లింకు తీసి ఎవరికైనా పంపితే, నెల తిరిగేసరికి అదే లింకు వేరే శీర్షిక దగ్గరికి తీసుకెళ్తోంది. పెద్ద శీర్షికల్లో ఒత్తుల కింది భాగం తెగిపోయి కనిపిస్తోంది. ఈ మూడోదాన్ని సరిచేయబోయి రాసుకుంటూ పోయిన సీఎస్ఎస్ (పేజీల రూపాన్ని నిర్దేశించే) ఫైలు ఇప్పుడు 300 వరుసలు దాటింది, అందులో ఏ వరుస ఎందుకుందో నాకే గుర్తులేదు.

పనిముట్టునే మార్చేయాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా అన్న మీమాంసలో ఉన్నాను. ఇలాంటి సైట్లు నడిపిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

---

టెక్సస్_తెలుగు · శనివారం, రాత్రి 10:02

కృష్ణాతీరం గారూ, నా సలహా సూటిగా చెబుతాను: స్ఫింక్స్ లాంటిదే మరో పనిముట్టు, మెటీరియల్ ఫర్ ఎంకేడాక్స్‌కు మారిపోండి. దాని సెర్చ్ లూనర్ అనే సెర్చ్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది, లూనర్‌కు భాషలను చేర్చే ప్యాకేజీలో హిందీ, తమిళం, కన్నడాలతో పాటు తెలుగు కూడా ఉంది, సెట్టింగుల్లో భాషను తెలుగుగా పెడితే సరిపోతుంది. పైగా మార్క్‌డౌన్‌లో రాయడం కొత్తగా వచ్చే సహాయకులకు సులువు. స్ఫింక్స్‌లో పేజీలు రాసే రీస్ట్రక్చర్డ్ టెక్స్టు వ్యాకరణం చూసి భయపడి వెనక్కి వెళ్లినవారిని నేను చాలామందిని చూశాను.

---

గోదారిగట్టు · ఆదివారం, ఉదయం 6:40

పనిముట్టు సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు సెర్చ్ ఎందుకు చెడిందో చూడాలి. కారణం తెలియకుండా ఇల్లు మారితే సమస్య కూడా సామానుతో పాటే వస్తుంది.

స్ఫింక్స్ సైటు తయారయ్యేటప్పుడు ప్రతి పేజీలోని పాఠ్యాన్ని మాటలుగా విడదీసి ఒక సూచికను తయారుచేస్తుంది. విడదీసే పని పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాను గుర్తించే సూత్రం) చేస్తుంది, అది అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగంగా గుర్తిస్తుంది. యూనికోడ్ లెక్క ప్రకారం ‘మ’, ‘ర’, ‘ప’ అక్షరాలే, కానీ దీర్ఘం, గుడి, కొమ్ము, సున్నా, పొల్లు ఇవేవీ అక్షరాలు కావు, ‘గుర్తులు’ అనే వేరే వర్గానికి చెందినవి. అందువల్ల ‘మార్పిడి’ అన్న మాటను చూసినప్పుడు ఆ ఎక్స్‌ప్రెషన్ ప్రతి గుర్తు దగ్గరా తెంపుతుంది, చేతికి మిగిలేవి ‘మ’, ‘ర’, ‘ప’, ‘డ’ అనే నాలుగు ముక్కలు. బ్రౌజర్లో మీరు టైపు చేసిన మాటను విడదీసే జావాస్క్రిప్టు కూడా ఇదే పని చేస్తుంది. ఈ నాలుగు అక్షరాలు లేని తెలుగు పేజీ ఉంటుందా? అందుకే 41కి 41 వస్తున్నాయి. ‘పుస్తకం’ అని వెతికి చూడండి, అది ‘ప’, ‘స’, ‘తక’ అవుతుంది కాబట్టి ఫలితాలు కొంచెం తగ్గుతాయి, అంతే తప్ప అది కూడా సరైన సెర్చ్ కాదు.

దీనికి మందు స్ఫింక్స్‌లోనే ఉంది. సెర్చ్ భాషకు ఒక ఆధార క్లాసు ఉంటుంది, దాని నుంచి తెలుగు కోసం ఒక క్లాసు రాసుకుని, అందులో విడదీసే పద్ధతిని మార్చి, కాన్ఫ్ డాట్ పీవై అనే సెట్టింగుల ఫైలులోని సెటప్ ఫంక్షన్ ద్వారా నమోదు చేయాలి. విడదీసే ఎక్స్‌ప్రెషన్‌లో యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 స్థానాల వరుస మొత్తాన్ని మాటలో భాగంగా చెప్పేస్తే గుర్తులు కూడా లోపలికి వస్తాయి. అదే క్లాసులో జావాస్క్రిప్టు వైపు విడదీసే కోడును కూడా ఒక స్ట్రింగుగా ఇవ్వవచ్చు, ఆ సౌకర్యం 3.0 వెర్షన్ నుంచి ఉంది. రెండు వైపులా ఒకే విధంగా తెంపడం ముఖ్యం. ఒక వైపు మాత్రమే మారిస్తే ఇప్పుడు అన్నీ వస్తున్న చోట అసలేమీ రాదు. మొత్తం కలిపి 30 వరుసలకు మించదు.

---

పాలపిట్ట · ఆదివారం, ఉదయం 8:25

గోదారిగట్టు గారూ, ఈ వివరణ చదివాక మా కళాశాల ప్రాజెక్టులో సెర్చ్ ఎందుకు అలా ప్రవర్తించేదో ఇప్పటికి అర్థమైంది. నేను వరంగల్‌లో చదువుకుంటున్నాను, కృష్ణాతీరం గారి ప్రాజెక్టులో అప్పుడప్పుడు అచ్చుతప్పులు సరిచేస్తుంటాను.

నాది ఇంకో ఇబ్బంది. ఫంక్షన్ పేరును కోడు అక్షరాల్లో చూపడానికి రెండేసి బ్యాక్‌టిక్కుల (`) మధ్య రాసి వెంటనే ‘కు’ అనో ‘ను’ అనో విభక్తి తగిలిస్తే హెచ్చరిక వస్తోంది. ఒకసారి అయితే హెచ్చరిక కూడా రాలేదు, పేరా మధ్యలోంచి సగం వాక్యం మొత్తం కోడు అక్షరాల్లోకి మారిపోయింది. తెలుగులో విభక్తిని విడిగా రాయలేం కదా?

---

గోదారిగట్టు · ఆదివారం, ఉదయం 9:10

రీస్ట్రక్చర్డ్ టెక్స్టులో అటువంటి గుర్తు ముగిసిన వెంటనే ఖాళీ గానీ విరామ చిహ్నం గానీ ఉండాలన్నది నియమం. మీరు ‘కు’ తగిలించేసరికి అది ముగింపు కాదనుకుని, పేరాలో ముందుకు వెతుక్కుంటూ వెళ్తుంది. ముందు ఇంకో ఫంక్షన్ పేరు లేకపోతే ‘ముగింపు దొరకలేదు’ అని హెచ్చరిస్తుంది, ఉంటే దాని చివరి బ్యాక్‌టిక్కులనే ముగింపుగా తీసుకుంటుంది. సగం వాక్యం కోడుగా మారింది అందుకే.

దారులు మూడు ఉన్నాయి. ముగింపు గుర్తు తరువాత ఒక వెనక్కి వాలిన గీత, దాని పక్కన ఒక ఖాళీ పెడితే, పేజీలో ఆ రెండూ కనిపించవు, విభక్తి అతుక్కుంటుంది. కానీ పేజీ నిండా ఇలా రాస్తే మూలం చదవడానికి చాలా చికాకుగా ఉంటుంది. రెండోది, స్ఫింక్స్ లోపల రీస్ట్రక్చర్డ్ టెక్స్టును చదివే డాక్యుటిల్స్ అనే లైబ్రరీ సెట్టింగుల్లో అక్షర స్థాయిలో గుర్తులను అనుమతించే ఐచ్ఛికాన్ని తెరవడం. మూడోది, స్ఫింక్స్ మార్క్‌డౌన్‌ను చదివేలా చేసే మిస్ట్ పార్సర్‌ను చేర్చుకుని తెలుగు పేజీలను మార్క్‌డౌన్‌లో రాసుకోవడం, అక్కడ బ్యాక్‌టిక్కు తరువాత ఏమున్నా పట్టింపు లేదు. టెక్సస్_తెలుగు గారు చెప్పిన మార్క్‌డౌన్ సుఖం స్ఫింక్స్‌ను వదలకుండానే దొరుకుతుందని కూడా గమనించగలరు.

---

అచ్చుతప్పు · ఆదివారం, ఉదయం 11:30

నాలుగో దారి ఉంది, అది పనిముట్టుది కాదు, వాక్యానిది. ఫంక్షన్ పేరుకు నేరుగా విభక్తి తగిలించకుండా ‘అనే ఫంక్షన్‌కు’, ‘అనే ఐచ్ఛికాన్ని’ అని రాయండి. ఒక మాట పెరుగుతుంది గానీ, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు ఫంక్షనా, ఫైలా, ఐచ్ఛికమా అన్నది డీటీపీ ఆపరేటరుకు వాక్యంలోనే తెలిసిపోతుంది. పదిహేనేళ్లు ప్రూఫులు దిద్దిన అలవాటుతో చెబుతున్నాను, పాలపిట్టా, విభక్తి తగిలించిన పరాయి లిపి మాట దగ్గర పాఠకుడి కన్ను తప్పకుండా ఒక్క క్షణం ఆగుతుంది.

ఇక ఒత్తులు తెగడం గురించి. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైన థీముల్లో శీర్షికలకు వరుస ఎత్తు అక్షరం ఎత్తుకు దగ్గరగానే పెడతారు, ఎందుకంటే వారి అక్షరాలు కింది గీత దాటి పెద్దగా దిగవు. మనకు ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వస్తుంది, పైన గుడి ఉంటుంది. శీర్షికల వరుస ఎత్తును అక్షర పరిమాణానికి 1.5 రెట్లు, పేరాల్లో 1.75 రెట్లు పెట్టి చూడండి. అప్పటికీ తెగుతుంటే, ఆ శీర్షిక ఉన్న పెట్టెకు పొంగిన భాగాన్ని దాచమని థీములో ఎక్కడైనా రాసి ఉందేమో వెతకండి.

వాలు అక్షరాల సంగతి కూడా చూడండి. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ దాదాపు ఉండదు, లేనప్పుడు బ్రౌజరే నిటారు అక్షరాన్ని పక్కకు వంచి చూపిస్తుంది. అలా వంగిన తలకట్లు చూస్తే నాకు గాలివానలో ఒరిగిన కొబ్బరి చెట్లు గుర్తొస్తాయి. నొక్కి చెప్పాల్సిన మాటలకు తెలుగు పేజీల్లో వాలును తీసేసి బొద్దు అక్షరాన్నో, రంగునో వాడటం మేలు. సీఎస్ఎస్‌లో బ్రౌజర్ సొంతంగా వాలును కల్పించకుండా ఆపే ఆదేశం ఉంది.

ఫాంటు విషయానికొస్తే నోటో శాన్స్ తెలుగు గానీ, అనేక్ తెలుగు గానీ తీసుకుని, ఫైలును మీ సైటులోనే పెట్టుకోండి. ఫాంటును ప్రకటించే చోట అది తెలుగు వరుసకు మాత్రమే వర్తిస్తుందని యూనికోడ్ పరిధిని రాస్తే, తెలుగు అక్షరమే లేని మీ రిఫరెన్సు పేజీలు తెరిచినవారికి ఆ ఫాంటు దిగుమతి కాదు. పరిధిలో కనిపించని విడదీత గుర్తును, అదే జడ్‌డబ్ల్యూఎన్‌జేను, చేర్చడం మాత్రం మరిచిపోవద్దు.

---

రాయలసీమ_రాగి · ఆదివారం, సాయంత్రం 4:05

300 వరుసల సీఎస్ఎస్ అన్న మాట దగ్గర ఆగిపోయాను, ఎందుకంటే ఆ బావిలో నేనూ పడ్డాను.

ఒక లైబ్రరీ డాక్యుమెంటేషన్‌కు నేను రాసిన సీఎస్ఎస్‌లో సగం నియమాలు ‘సెక్షన్’ అనే క్లాసు ఉన్న డివ్ అనే హెచ్‌టీఎంఎల్ ట్యాగును పట్టుకుని వేలాడుతుండేవి. 2021 ఏప్రిల్‌లో డాక్యుటిల్స్ 0.17 వచ్చింది. అందులో ఆ డివ్ స్థానంలో సెక్షన్ అనే ట్యాగే నేరుగా రావడం మొదలైంది, అది హెచ్‌టీఎంఎల్ 5 పద్ధతికి సరైన మార్పే. నా నియమాలన్నీ మాత్రం ఒక్క పూటలో నిర్జీవమయ్యాయి: జాబితాల ముందు చుక్కలు మాయమయ్యాయి, మార్జిన్లు పోయాయి. నేను వెర్షన్లను బిగించి పెట్టుకోలేదు కాబట్టి, ఒక అక్షర దోషం సరిచేసిన పుణ్యానికి జరిగిన బిల్డులో (సైటును మళ్లీ తయారుచేయడంలో) కొత్త డాక్యుటిల్స్ దానంతటదే వచ్చి చేరింది. తప్పు పూర్తిగా నాదే.

అంతకన్నా ఘోరం టెంప్లేట్లతో చేశాను. పేజీ అడుగున ఒక్క వరుస చేర్చడం కోసం థీములోని లేఅవుట్ ఫైలును మొత్తం కాపీ చేసుకుని నా టెంప్లేట్ల ఫోల్డరులో పెట్టాను. రెండేళ్ల తరువాత థీమును కొత్త వెర్షన్‌కు తీసుకెళ్తే మిగతా సైటంతా కొత్తది, నా లేఅవుట్ మాత్రం పాతది, సెర్చ్ పెట్టె పనిచేయడం మానేసింది. కాపీ చేయకుండా, నా ఫైలు మొదట్లో అసలు లేఅవుట్‌ను విస్తరిస్తున్నానని చెప్పి, అడుగు భాగానికి సంబంధించిన బ్లాకును మాత్రమే రాసి ఉంటే సరిపోయేది. అలా విస్తరించేటప్పుడు ఫైలు పేరుకు ముందు ఆశ్చర్యార్థకం పెట్టాలి, దాని అర్థం ‘నాది కాదు, థీములో ఉన్న అసలుది’ అని. అది మరిచిపోతే ఫైలు తనను తానే విస్తరించుకోబోయి బిల్డు ఆగిపోతుంది.

అప్పటి నుంచి ఒక క్రమం పెట్టుకున్నాను. ముందు థీము ఇచ్చే ఐచ్ఛికాల్లో పని జరుగుతుందా అని చూస్తాను. ఉదాహరణకు ఫ్యూరో థీములో ఫాంట్లు, రంగులు అన్నీ పేరున్న చరరాశులుగా ఉంటాయి, కాన్ఫ్ డాట్ పీవైలోనే మార్చుకోవచ్చు. అది కుదరకపోతే సీఎస్ఎస్, అందులోనూ ప్రతి నియమం పైన అది ఎందుకో ఒక వ్యాఖ్య. టెంప్లేటు జోలికి వెళ్లడం ఆఖరి పని. మీ 300 వరుసల్లో తెలుగుకు నిజంగా అవసరమైనవి 25 వరుసలకు మించి ఉండవని నా అంచనా.

---

టెక్సస్_తెలుగు · ఆదివారం, సాయంత్రం 6:20

రాగి గారి అనుభవం నా వాదననే బలపరుస్తోంది కదా? ఇన్ని తిప్పలు పడి స్ఫింక్స్‌ను తెలుగుకు ఒప్పించడం కంటే, తెలుగు ముందే చేర్చి ఉన్నచోటికి వెళ్లడం తేలిక కాదా? డాక్‌స్ట్రింగుల నుంచి రిఫరెన్సు తయారుచేయడానికి అక్కడ కూడా ఎంకేడాక్‌స్ట్రింగ్స్ ఉంది.

---

గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 8:45

కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్టు అయితే మీ మాట కాదనను. స్ఫింక్స్‌ను గియోర్గ్ బ్రాండ్ల్ 2008లో పైథాన్ సొంత డాక్యుమెంటేషన్ కోసం తయారుచేశారు, ఒక మాటను మరో పేజీతో ముడివేయడం, రిఫరెన్సులను తనిఖీ చేయడం దాని బలం, చిన్న సైటుకు ఆ బలం అవసరం లేకపోవచ్చు.

కానీ ఇక్కడ నాలుగేళ్లుగా నడుస్తున్న 41 పేజీలు ఉన్నాయి. స్ఫింక్స్ మామూలు పద్ధతిలో ప్రతి పేజీ చిరునామా చివర హెచ్‌టీఎంఎల్ అని ఉంటుంది, ఎంకేడాక్స్ మామూలు పద్ధతిలో ప్రతి పేజీ ఒక ఫోల్డరులా కనిపిస్తుంది. సెట్టింగు మార్చకుండా తరలిస్తే పాత చిరునామాలన్నీ ఒక్క రోజులో చచ్చిపోతాయి. ప్రోగ్రామర్లు అయితే ఇంకోసారి వెతుక్కుంటారు, వాట్సాప్ గ్రూపులో రెండేళ్ల క్రితం పంచిన లింకును దాచుకున్న ఆపరేటరు మాత్రం ‘సైటు తీసేశారు’ అనుకుని ఊరుకుంటాడు. ఆ సెట్టింగు మార్చుకుని, మిగిలినవాటికి దారిమళ్లింపులు రాసుకుని, లేబుళ్లన్నీ మళ్లీ ముడివేసుకుని వెళ్లవచ్చు, కానీ అది 30 వరుసల పని కాదు.

లింకుల మాట వచ్చింది కాబట్టి కృష్ణాతీరం గారి రెండో ప్రశ్నకు వస్తాను. శీర్షికలోని మాటల నుంచి లింకు గుర్తును తయారుచేసేటప్పుడు డాక్యుటిల్స్ ఇంగ్లీషు అక్షరాలను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. పూర్తి తెలుగు శీర్షికలో తీసేయగా మిగిలేది సున్నా, అందుకని పేజీలో వచ్చే వరుస ప్రకారం ఐడీ1, ఐడీ2, ఐడీ3 అని అంకెలు వేస్తుంది. మీరు పేజీ మధ్యలో కొత్త శీర్షిక ఒకటి చేర్చగానే దాని కిందివన్నీ ఒక్కో అంకె జరిగిపోతాయి, నిన్న పంపిన ఐడీ4 లింకు ఈరోజు పై శీర్షికకు వెళ్తుంది.

ప్రతి శీర్షికకు పైన ఇంగ్లీషు అక్షరాల్లో ఒక లేబుల్ రాయండి. లేబుల్ ఉన్నప్పుడు స్ఫింక్స్ అంకెల గుర్తును వెనక్కి నెట్టి లేబుల్‌నే ముందు పెడుతుంది, శీర్షిక పక్కన కనిపించే గుర్తును నొక్కినా లేబుల్‌తో ఉన్న లింకే వస్తుంది. తరువాత ఎవరైనా శీర్షిక మాటలు మార్చినా లింకు చెక్కుచెదరదు.

---

కృష్ణాతీరం · సోమవారం, రాత్రి 10:30

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తరలింపు ఆలోచన ప్రస్తుతానికి విరమించుకున్నాను. ఒక చిన్న సందేహం: ఫైళ్ల పేర్లను కూడా తెలుగులో పెడితే చిరునామా చూడగానే పేజీ ఏమిటో తెలుస్తుంది కదా అని మా బృందంలో ఒకరు అంటున్నారు. పెట్టవచ్చా?

---

రాయలసీమ_రాగి · సోమవారం, రాత్రి 11:05

పెట్టవచ్చు, కానీ పెట్టకండి. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు స్థానానికి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. ‘మార్పిడి’ చూడటానికి మూడక్షరాల మాటే, లోపల మాత్రం ఎనిమిది స్థానాలు, అంటే చిరునామాలో 72 అక్షరాలు. బ్రౌజర్ పట్టీలో అందంగా కనిపించినా, కాపీ చేసి ఎక్కడైనా అతికిస్తే శాతం గుర్తుల వరుస అయిపోతుంది, మధ్యలో విరిగితే లింకు పనిచేయదు. పలుకుబడిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడమే క్షేమం.

బిల్డు గురించి కూడా రెండు మాటలు. స్ఫింక్స్, థీము, డాక్యుటిల్స్ మూడింటి వెర్షన్లను కచ్చితంగా రాసి పెట్టుకోండి, కొత్త వెర్షన్లకు వెళ్లడం ఒక విడి మార్పుగా, కళ్లతో చూసి చేయండి. రీడ్ ద డాక్స్ 2023 సెప్టెంబరు నుంచి ప్రతి ప్రాజెక్టులో ఆకృతీకరణ ఫైలు ఉండాలని తప్పనిసరి చేసింది కాబట్టి అది మీ దగ్గర ఉండే ఉంటుంది, అందులో పైథాన్ వెర్షన్ ఏది రాసి ఉందో కూడా సరిచూడండి. హెచ్చరికలను తప్పులుగా పరిగణించే ఐచ్ఛికాన్ని వేసి, మీ స్ఫింక్స్ 8.1 కంటే పాతదైతే దానితో పాటు మొదటి తప్పు దగ్గరే ఆగిపోకుండా చివరిదాకా వెళ్లమని కూడా చెప్పండి, అప్పుడు ఒక్క బిల్డులోనే అన్నీ కనిపిస్తాయి.

బయటి లింకులను పరీక్షించే బిల్డును మాత్రం ప్రతి మార్పుకూ నడపకండి. మేము అలా పెట్టుకున్నప్పుడు, మొదటిసారి ఒక అచ్చుతప్పు సరిచేసి పంపిన అమ్మాయికి, ఎక్కడో ఎవరిదో సైటు ఆ గంటలో పడిపోయినందుకు, ఎర్ర గుర్తు కనిపించింది. తన వల్లే ఏదో చెడిందనుకుని ఆమె మార్పును వెనక్కి తీసుకుంది, మళ్లీ రాలేదు. ఇప్పుడు దాన్ని వారానికి ఒకసారి విడిగా నడుపుతున్నాం.

---

పాలపిట్ట · మంగళవారం, ఉదయం 7:50

నాకు ఎర్ర గుర్తు వచ్చినా వెళ్లనులెండి. లేబుళ్లు రాసే పని నేను తీసుకుంటాను, ఆదివారం లోపు పూర్తిచేస్తాను.

---

అచ్చుతప్పు · మంగళవారం, మధ్యాహ్నం 1:15

సెర్చ్ సరిచేసేటప్పుడు ఒకటి గమనించండి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను విడదీత గుర్తుతో రాసేవారు కొందరు, గుర్తు లేకుండా ‘సాఫ్ట్వేర్’ అని టైపు చేసేవారు కొందరు. తెర మీద రెండూ వేరుగా కనిపిస్తాయి గానీ, వెతికేవారికి మాత్రం రెండూ ఒకటే. సూచికలోనూ, వెతికే మాటలోనూ ఆ గుర్తును తీసేసి పోల్చమనండి.

అలాగే ఆపరేటర్లు ‘ఇన్‌స్టాల్’ అని వెతుకుతారు, మీరు పేజీలో ‘స్థాపన’ అని రాసి ఉంటారు. నేనైతే పేజీలోనే ‘ఇన్‌స్టాల్’ అని రాస్తాను, ఎందుకంటే స్థాపన అంటే మా ప్రెస్సులో అందరికీ విగ్రహ ప్రతిష్ఠ గుర్తొస్తుంది.

---

గోదారిగట్టు · మంగళవారం, రాత్రి 9:00

పేజీలో మాట మార్చడం ఇష్టం లేకపోతే ఇంకో ఉపాయం ఉంది. పేజీ మొదట్లో మెటా వివరాల్లో కీలక పదాలు రాస్తే స్ఫింక్స్ వాటిని కూడా సెర్చ్ సూచికలో చేరుస్తుంది, పాఠకుడికి కనిపించవు. ఒకే మాటకు ఉన్న రకరకాల వర్ణక్రమాలను అక్కడ రాసుకోవచ్చు.

విభక్తుల సంగతి కొంతవరకు దానంతటదే తీరుతుంది. స్ఫింక్స్ సెర్చ్ రెండు స్థానాలకు మించిన మాటను సూచికలోని మాటల లోపల కూడా వెతుకుతుంది కాబట్టి ‘ఫైలు’ అని కొడితే ‘ఫైలును’, ‘ఫైలులో’ ఉన్న పేజీలు వస్తాయి. ‘ఫైళ్లు’, ‘ఫైల్లో’ మాత్రం రావు. మూలరూపాన్ని తీసే కోడు రాయవచ్చు గానీ, తెలుగు సంధులకు అది అంత తేలిగ్గా లొంగదు. మీ 41 పేజీలకు కీలక పదాలే చాలు.

---

కృష్ణాతీరం · తరువాతి ఆదివారం, రాత్రి 9:40

వారం రోజుల పని నివేదిస్తున్నాను. తెలుగు విడదీత క్లాసు రాశాను, వ్యాఖ్యలతో కలిపి 34 వరుసలు వచ్చింది. ‘మార్పిడి’ అని వెతికితే ఇప్పుడు 9 పేజీలు వస్తున్నాయి, తొమ్మిదీ సంబంధం ఉన్నవే. సీఎస్ఎస్‌ను పూర్తిగా తీసేసి, ఫ్యూరోకు మారి, అచ్చుతప్పు గారు చెప్పిన వరుస ఎత్తులూ ఫాంటు ప్రకటనా మాత్రం చేర్చాను, 22 వరుసలయ్యాయి. రాగి గారి అంచనా కంటే మూడు తక్కువ.

పాలపిట్ట లేబుళ్లన్నీ రాసింది. రెండు పేజీల్లో ఒకే లేబుల్ పడితే, హెచ్చరికలను తప్పులుగా చూసే ఐచ్ఛికం బిల్డును ఆపింది. పేజీ పేరును లేబుల్‌కు ముందు తగిలించే పద్ధతి పెట్టుకున్నాం.

ఒక చిక్కు మిగిలింది. ‘ఫైలు’ అని వెతికితే, మా లైబ్రరీ మార్చి ఇచ్చిన పాఠ్యాన్ని ఉదాహరణగా చూపే నాలుగు పేజీలు రావడం లేదు. ఆ పేజీలు తెరిచి చూస్తే మాట కళ్ల ముందే ఉంది. కాపీ చేసి సెర్చ్ పెట్టెలో అతికిస్తే అవే నాలుగు పేజీలు వస్తున్నాయి, మిగతావి పోతున్నాయి.

---

గోదారిగట్టు · తరువాతి ఆదివారం, రాత్రి 10:10

ఆ మాటలోని ఐత్వాన్ని విప్పి చూడండి. యూనికోడ్‌లో ఐత్వానికి ఒకే స్థానం ఉంది. కానీ ఎత్వం ఒక స్థానంగా, దాని కింద వచ్చే ఐ పొడవు గుర్తు మరో స్థానంగా విడివిడిగా రాసినా తెర మీద అదే ఆకారం వస్తుంది. కంటికి తేడా లేదు, పోల్చే కోడుకు మాత్రం రెండూ వేర్వేరు మాటలు.

---

కృష్ణాతీరం · తరువాతి ఆదివారం, రాత్రి 11:25

సరిగ్గా అదే. అను ఫాంట్లలో ఎత్వం, కింది గుర్తు రెండు వేర్వేరు కీలుగా ఉంటాయి కాబట్టి, మా మార్పిడి పట్టిక కూడా వాటిని వేర్వేరుగానే యూనికోడ్‌లోకి పంపుతోంది. తప్పు డాక్యుమెంటేషన్‌ది కాదు, లైబ్రరీదే. నాలుగేళ్లుగా మేము మార్చి ఇచ్చిన ప్రతి పుస్తకంలోనూ ఐత్వాలన్నీ ఇలాగే రెండు ముక్కలుగా ఉన్నాయన్నమాట.

ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు పద్ధతులను ఒకటిగా చేసే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ సాధారణీకరణ ఆ రెండింటినీ కలిపి ఒకే స్థానంగా చేస్తుందని పరీక్షించి చూశాను, చేస్తోంది. లైబ్రరీ ఫలితం బయటికి వచ్చే చోట ఒక వరుస, సెర్చ్ క్లాసులో పైథాన్ వైపు ఒక వరుస, జావాస్క్రిప్టు వైపు ఒక వరుస చేర్చాను. రేపు కొత్త వెర్షన్ విడుదల చేస్తాను. ఇప్పటికే మార్చుకున్న ఫైళ్లను సరిచేసుకోవడానికి ఒక చిన్న ఆదేశాన్ని కూడా చేర్చి, దానికి ఒక పేజీ రాయాలి. ఆ పేజీ శీర్షిక ‘ఐత్వం సరిచేసుకోవడం’ అని పెడదామనుకుంటున్నాను. పాలపిట్టా, దానికి లేబుల్ నువ్వే చెప్పు.

---

పాలపిట్ట · సోమవారం, ఉదయం 7:15

ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఫిక్స్-ఐత్వం’ అని పెట్టండి అన్నయ్యా. కీలక పదాల్లో ‘ఫైలు’, ‘సైజు’, ‘పైన’, ‘వైపు’ చేర్చండి. ఆపరేటర్లు ఐత్వం అని వెతకరు, తమ పుస్తకంలో దొరకని మాటనే కొడతారు.